ఉన్నిబట్ట తొక్కినవారి ఇంటిపేరు

వాకర్ అన్న ఇంగ్లీషు ఇంటిపేరు వింటే ఎవరికైనా నడకే తలపుకొస్తుంది. జానీ వాకర్ విస్కీ కోసం 1908లో టామ్ బ్రౌన్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలోనూ టోపీ, చేతికర్రతో పెద్ద పెద్ద అంగలు వేస్తూ సాగిపోయే పెద్దమనిషే ఉన్నాడు. ఈ పేరు మొదట పెట్టించుకున్నవాళ్లు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. తొట్టిలో నిలబడి, ఉన్నచోటనే, గంటల తరబడి ఉన్నిబట్టను కాళ్లతో తొక్కారు.

మగ్గం మీంచి దిగిన ఉన్నిబట్ట అలాగే ఒంటిమీద వేసుకోవడానికి పనికిరాదు. నేత వదులుగా ఉంటుంది, పోగు నిండా జిడ్డు ఉంటుంది. తడిపి బాగా తొక్కితే ఉన్నిపోగుల మీది సన్నని పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని, బట్ట ముడుచుకుని, దళసరెక్కి, చలిగాలికి ఆగుతుంది. ఆ జిడ్డు వదిలించడానికి వాడింది నిలవబెట్టిన మూత్రం. నిలవ ఉండేకొద్దీ అందులో అమోనియా పుడుతుంది, అది జిడ్డును విరుస్తుంది. ఆ తరువాత ఒక రకం మెత్తని మట్టి వేసి మళ్లీ తొక్కేవారు. మన ఇళ్లలో ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి ఆ జాతిదే. చివరికి బట్టను కడిగి, పొడవాటి చట్రాల మీద కొక్కేలకు తగిలించి, లాగి ఆరబెట్టేవారు. ఆ కంపులో, ఆ తడిలో పాదాలు నాననిచ్చిన మనుషులను పక్కనబెట్టి ఈ పేరు పుట్టుక చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇంగ్లండు మధ్యయుగపు సిరిసంపదల్లో పెద్ద వాటా ఉన్నిదే మరి.

పాత ఇంగ్లీషులో ‘వెయాల్కన్’ అంటే దొర్లించడం, అటూ ఇటూ పొర్లించడం. ఆ పని చేసేవాడు ‘వెయాల్కెరె’. కాలక్రమాన అదే వాకర్ అయింది. నడకకు ఇంగ్లీషువాళ్లు వాడే మాటా ఆ ధాతువు నుంచే దిగింది కాబట్టి విస్కీ సీసా మీది బొమ్మ మరీ పరాయిది కాదు. అయితే ఇదే వృత్తివాణ్ణి దేశమంతా ఒకే పేరుతో పిలవలేదు. ఉత్తరాన, స్కాట్లాండులో వాకర్, ఆగ్నేయాన ఫుల్లర్, నైరుతిన డెవన్, సోమర్సెట్ సీమల్లో టక్కర్. ఎక్సెటర్ పట్నంలో ఈ వృత్తివారి సంఘం 15వ శతాబ్దంలో కట్టుకున్న టక్కర్స్ హాల్ ఇప్పటికీ ఉంది. ఒక ఇంగ్లీషు కుటుంబం పూర్వీకులు ఏ దిక్కువారో ఊహించడానికి ఈ మూడు పేర్లు ఇప్పటికీ కొంత పనికొస్తాయి.

1066లో నార్మన్లు వచ్చేదాకా ఇంగ్లండులో సామాన్యుడికి ఒక్క పేరే. జమీందార్లు ముందుగా తమ ఎస్టేట్ల పేర్లు తగిలించుకున్నారు. ఊళ్లో నలుగురు జాన్‌లు ఉంటే బట్ట తొక్కేవాడు ‘జాన్ ది వాకర్’. అది మొదట అతని ఒక్కడి గుర్తే. కొడుకు వడ్రంగి అయితే పేరు మారిపోయేది. 13, 14 శతాబ్దాల్లో పన్నుల చిట్టాలు, కోర్టు రికార్డులు పెరిగేకొద్దీ ఆ గుర్తు తండ్రి నుంచి కొడుక్కు దిగే ఇంటిపేరుగా బిగుసుకుంది. బట్ట నేసిన ప్రతి ప్రాంతంలోనూ తొక్కేవాడు ఉండేవాడు కనుక వాకర్లందరికీ మూలపురుషుడు ఒక్కడు కాడు.

విచిత్రమేమిటంటే, పేరు స్థిరపడే వేళకు పని కాళ్ల నుంచి జారిపోతోంది. టెంప్లర్లు అనే క్రైస్తవ యోధ సన్యాసుల 1185 నాటి ఆస్తుల లెక్కలో యార్క్‌షైర్‌లోని న్యూషమ్ దగ్గర బట్ట తొక్కే నీటిమర ఒకటి కనిపిస్తుంది. ఏటి నీరు చక్రాన్ని తిప్పితే కొయ్య సుత్తులు లేచి బట్ట మీద పడతాయి. మర యజమానులు జమీందార్లూ మఠాలూ. సెయింట్ ఆల్బన్స్‌లో ఊరివాళ్లు ఇళ్లలోనే బట్ట తొక్కుకుంటే మఠాధిపతి ఒప్పుకోలేదు; తన మరకే తెచ్చి రుసుము కట్టాలన్నాడు. 1274 ప్రాంతంలో అది పెద్ద తగాదా అయింది. రాణి ఎలినార్ అటుగా వస్తే ఆడవాళ్లు గుంపుగా వెళ్లి మొరపెట్టుకున్నారు. మరలే గెలిచాయి. ఉత్తరాన వాటిని ‘వాక్ మిల్’ అనేవారు; కార్న్‌వాల్‌లో టకింగ్‌మిల్ అనే ఊరే ఉంది.

ఇంగ్లీషువాళ్లతోపాటు ఈ ఇంటిపేరు అమెరికా చేరింది. అక్కడ బానిసలుగా బతికిన ఎందరో నల్లవారికి యజమానుల ఇంటిపేర్లే మిగిలాయి. ‘ది కలర్ పర్పుల్’ నవలకు 1983లో పులిట్జర్ బహుమతి అందుకున్న ఆలిస్ వాకర్ జార్జియాలో పుట్టింది. ఆమె పూర్వీకురాలు ఒకామె బానిసగా, ఇద్దరు పసిబిడ్డలను చంకలకెత్తుకుని, వర్జీనియా నుంచి జార్జియా దాకా నడిచి వచ్చిందట. ఆ నడకను తలుచుకునే తాను పుట్టింటి పేరును వదులుకోలేదని ఆలిస్ రాసుకుంది.