క్రాపీ చేపల వేట: నిలువు గాలం, సజీవ ఎర

క్రాపీ ఉత్తర అమెరికాకు చెందిన మంచినీటి చేప. పడవలోంచి గాలపు దారాన్ని నిటారుగా దించి, ముల్లుకు బతికున్న చిరుచేపను గుచ్చి దీన్ని పట్టే పద్ధతి అమెరికా దక్షిణ, మధ్య రాష్ట్రాల్లో బాగా వాడుకలో ఉంది. ముల్లు, సీసపు గుండు, ఎర దారానికి ఏ వరసలో, ఎంతెంత దూరంలో ఉండాలో నిర్ణయించే అమరికను అక్కడ రిగ్ అంటారు. చేపలున్న లోతులో ఎరను చావకుండా, కదలాడుతూ ఉండేలా నిలపడమే దీని పని. దాదాపు వందేళ్లలో ఈ అమరిక కొద్దిగానే మారింది. లోతును పసిగట్టే సాధనాలు మాత్రం పూర్తిగా మారిపోయాయి.

చేప స్వభావం

క్రాపీల్లో రెండు జాతులున్నాయి. తెల్ల క్రాపీని 1818లో రాఫినెస్క్, నల్ల క్రాపీని 1829లో లెస్యూర్ శాస్త్రీయంగా వర్ణించారు. రెండూ పొమోక్సిస్ ప్రజాతికి చెందినవే. వసంతంలో నీరు 16–20 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కినప్పుడు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వస్తాయి. మిగతా కాలంలో ఎక్కువగా మునిగిన చెట్ల కొమ్మలు, మోళ్ల మధ్య గుంపులుగా ఉంటాయి. పక్కనుంచి విసిరిన గాలం అక్కడ కొమ్మలకు చిక్కుకుంటుంది. పైనుంచి దించినదైతే సందుల్లోకి నేరుగా దిగుతుంది.

క్రాపీ ఎక్కువగా తనకు పైన ఉన్న ఎరనే అందుకుంటుంది. అందుకే ఎరను గుంపుకు కాస్త పైన ఆపుతారు. దాని నోటి చుట్టూ ఉండే పొర చాలా పల్చన, గట్టిగా గుంజితే చిరుగుతుంది. మెత్తగా వంగే కర్ర, సన్నని తీగతో చేసిన అబర్డీన్ ముల్లు ఈ వేటలో స్థిరపడడానికి ఇదొక కారణం. ఆ ముల్లుకు మరో సుగుణం ఉంది. కొమ్మకు తగులుకున్నా దారం తెగకముందే వంగి బయటికి వస్తుంది, తిన్నగా చేసి మళ్లీ వాడుకోవచ్చు.

తొలి రూపం

మొదట్లో వాడినది పొడవాటి వెదురు కర్ర, దాని కొనకు కట్టిన దారం, ఒక బెండు, చిన్న సీసపు గుళిక, ముల్లు. బెండును దారం మీద పైకీ కిందికీ జరిపి లోతు సరిచేసుకునేవారు. టెనెస్సీలోని రీల్‌ఫుట్ సరస్సు ఇలాంటి వేటకు పేరుపొందింది. 1811–12 నాటి న్యూ మాడ్రిడ్ భూకంపాలకు నేల కుంగి ఏర్పడిన ఈ సరస్సులో మునిగిన చెట్ల మోళ్లు నేటికీ ఉన్నాయి.

పట్టు, నార దారాలు వాడాక ఆరబెట్టకపోతే కుళ్లిపోయేవి. 1938లో డ్యూపాంట్ సంస్థ నైలాన్‌ను ప్రకటించాక ఒంటిపోగు నైలాన్ దారం వచ్చింది. ఇది సన్నగా ఉంటుంది, నీటిలో అంతగా కనబడదు. వెదురు స్థానంలోకి ముందు ఫైబర్‌గ్లాస్, 1970ల నుంచి గ్రాఫైట్ కర్రలు వచ్చాయి.

జలాశయాలు, జంట ముళ్లు

20వ శతాబ్దంలో కట్టిన ఆనకట్టలు క్రాపీకి విశాలమైన లోతునీటిని ఇచ్చాయి. టెనెస్సీ వ్యాలీ అథారిటీ 1944లో పూర్తిచేసిన కెంటకీ ఆనకట్ట వాటిలో ఒకటి. మిసిసిపీలోని సార్డిస్, ఎనిడ్, గ్రెనాడా జలాశయాలూ ప్రసిద్ధమే. తెల్ల క్రాపీలో ప్రపంచ రికార్డుగా నిలిచిన 5 పౌండ్ల 3 ఔన్సుల (సుమారు 2.35 కిలోల) చేప 1957లో ఎనిడ్ దగ్గర దొరికింది.

లోతునీటికి తగ్గట్టు బరువు పెరిగింది. కెంటకీ రిగ్‌లో దారం అడుగున గుండు, దానికి పైన ఎడంగా రెండు ముళ్లు ఉంటాయి. గుండు అడుగును తాకగానే దారం వదులవుతుంది, లోతు చేతికే తెలుస్తుంది. రీల్‌ఫుట్ ప్రాంతపు పోటీ వేటగాళ్లు రోనీ క్యాప్స్, స్టీవ్ కోల్‌మన్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన అమరికలో గుండు రెండు ముళ్ల నడుమ ఉంటుంది. పడవ ముందుభాగంలో అనేక కర్రలను విసనకర్రలా పరిచి, పడవను నెమ్మదిగా ముందుకు నడపడాన్ని స్పైడర్ రిగ్గింగ్ అంటారు.

ఎర

ఫ్యాట్‌హెడ్ మిన్నో, గోల్డెన్ షైనర్ ఎక్కువగా వాడే చిరుచేపలు. పూర్వం వీటిని వాగుల్లో వలవేసి పట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆర్కాన్సాలోని లోనోక్ పరిసరాల్లో చెరువులు తవ్వి పెంచడం పెద్ద వ్యాపారమైంది. పడవ కదులుతున్నప్పుడు ముల్లును పెదవుల గుండా గుచ్చుతారు, చేప ముందుకు ఈదుతున్నట్టే కనబడుతుంది. పడవ నిలిచి ఉంటే వీపు రెక్క కింద, వెన్నెముకకు తగలకుండా గుచ్చుతారు. అప్పుడు ఎర సమతలంగా నిలిచి ఎక్కువసేపు గింజుకుంటుంది.

సోనార్ రాక

1950ల చివర లోరెన్స్ సంస్థ వేటగాళ్లకోసం చిన్న సోనార్ పెట్టెను తెచ్చింది. నీటి లోతూ, చేపల ఉనికీ ముందే తెలియసాగాయి. 2018లో గార్మిన్ సంస్థ విడుదల చేసిన లైవ్‌స్కోప్ సోనార్‌తో ఎర, చేప రెండూ అప్పటికప్పుడు తెరమీద కనబడుతున్నాయి. దీంతో అనేక కర్రలు పరిచే బదులు, ఒక్క కర్రతో ఒక్కో చేపను వెతికి పట్టే ధోరణి పెరిగింది. ఇది చేపల సంఖ్యకు ముప్పు తెస్తుందా అన్న చర్చ సాగుతోంది.

నియంత్రణలు

ఎన్ని కర్రలు వాడొచ్చు, రోజుకు ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు అన్నది రాష్ట్రాన్ని బట్టి, ఒక్కోసారి సరస్సును బట్టి మారుతుంది. ఎర చేపలను ఒక జలాశయం నుంచి మరొకదానికి తీసుకెళ్లడంపై కూడా పలుచోట్ల ఆంక్షలున్నాయి. గ్రేట్ లేక్స్ ప్రాంతంలో చేపలను చంపే వీహెచ్‌ఎస్ వైరస్ 2005లో బయటపడ్డాక 2006లో అమెరికా కేంద్ర ప్రభుత్వం కొన్ని జాతుల బతికున్న చేపల అంతర్రాష్ట్ర రవాణాను కట్టడి చేసింది. వేట ముగిశాక మిగిలిన ఎరను నీటిలో వదలడం చాలా రాష్ట్రాల్లో నేరం.