బూటు బ్రష్‌లో ఎవరి వెంట్రుకలు?

చాంద్ రాత్ మన ఇళ్లలో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. వంటింట్లో షీర్ ఖుర్మా కోసం ఖర్జూరాలు తరుగుతుంటారు. వరండాలో ఒకరు పాత అఖ్బార్ పరిచి, ఇంటిల్లిపాది బూట్లు వరసగా పెట్టుకుని పాలిష్ చేస్తుంటారు. మా ఇంట్లో ఆ పని నాది. ఈసారి కొన్న కొత్త బ్రష్ మీద 'నేచురల్ బ్రిసిల్' అని ఉంది. మా అమ్మాయి అది చదివి, "అబ్బూ, నేచురల్ అంటే దేని వెంట్రుకలు?" అంది. నాకు జవాబు తోచలేదు. తర్వాత తెలుసుకున్నది మీకూ చెబుతున్నాను.

బ్రష్‌ల తిజారత్‌లో 'బ్రిసిల్' అంటే ప్రధానంగా పంది వెంట్రుకే. గుర్రానిదైతే 'హార్స్ హెయిర్' అని విడిగా రాస్తారు. పంది వెంట్రుక బిరుసుగా ఉంటుంది, కొస చీలి ఉంటుంది. అందుకే పాలిష్‌ని బాగా పట్టి ఉంచుతుంది. ఒకప్పుడు రష్యా, చైనా దీన్ని దునియా అంతటికీ అమ్మేవి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దారులు మూసేస్తే, చైనా నుంచి హిమాలయాల మీదుగా మన అస్సాంకి తిరిగొచ్చే అమెరికా విమానాల్లో టంగ్‌స్టన్‌తో పాటు ఈ వెంట్రుకల్నీ తెచ్చేవారు!

కానీ తోలుకీ ఈ వెంట్రుకకీ ఉన్న రిష్తా అంతకంటే చాలా పాతది. చెప్పులు కుట్టే మోచీ ఆరతో తోలుకి చిల్లు పొడిచేవాడు. మైనం రాసిన దారం కొసకి పంది వెంట్రుక కలిపి పేనేవాడు. అదే అతని సూది. వంకర చిల్లులోంచి కూడా అది వంగి దూరిపోతుంది.

మరి ముస్లిం మోచీ ఏం చేయాలి? ఈ సవాల్ మన ఫుఖహా ముందుకూ వచ్చింది. 12వ శతాబ్దంలో ఇమామ్ మర్గీనానీ రాసిన 'హిదాయా'ని మన మదర్సాల్లో నేటికీ చదువుతారు. అందులో జవాబుంది. పంది నజిసుల్ ఐన్, అంటే మొత్తంగా నాపాక్. దాని వెంట్రుక అమ్మడం జాయజ్ కాదు. అయినా తోలు కుట్టడానికి వాడుకోవచ్చు, ఎందుకంటే అది లేకుండా ఆ పని సాగదు. ఆ వెంట్రుక కొద్దిపాటి నీళ్లలో పడితే నీళ్లు పాడవుతాయని ఇమామ్ అబూ యూసుఫ్, పాడవవని ఇమామ్ ముహమ్మద్ అన్నారు. మాలికీ మజ్హబ్‌లోనైతే వెంట్రుక పాక్ అనే రాయ్ ఉంది.

ఒక గరీబ్ మోచీ రోజీ గురించి అంత పెద్ద ఉలమా ఇంత ఆలోచించారు. నాకు బాగా నచ్చింది అదే.

కథ అక్కడితో ఆగలేదు. 1836లో డమాస్కస్‌లో వఫాత్ అయిన ఇబ్నె ఆబిదీన్ తన కితాబ్‌లో, తన ముందటి ఉలమా మాటగా ఇంకోటి నమోదు చేశారు: ఇప్పుడు ఆ వెంట్రుక లేకుండానే పని జరుగుతోంది, జరూరత్ పోయింది గనక ఇజాజత్ కూడా పోయింది.

మన కాలంలో జరూరత్ ఇంకా తగ్గింది. 1938లో అమెరికాలో నైలాన్ పళ్ల బ్రష్ వచ్చింది. అంతకుముందు పళ్ల బ్రష్‌లకీ ఎక్కువగా పంది వెంట్రుకే! బూట్లకి నైలాన్ ఉంది, గుర్రపు వెంట్రుక ఉంది. మెత్తగా ఉండే గుర్రపు వెంట్రుకతోనే ఆఖరి మెరుపు బాగా వస్తుంది కూడా.

ఒక పోచ కాల్చి చూస్తే నైలాన్ కరిగి ముద్దవుతుంది, అసలు వెంట్రుక కమురు వాసన వేస్తుంది. అయితే అది పందిదా, గుర్రానిదా అన్నది ఆ వాసన చెప్పదు. కొనేటప్పుడే దుకాణంలో అడగాలి. మస్లా తేలకపోతే మీ ఆలిమ్ సాబ్‌ని అడగండి.

నేను గుర్రపు వెంట్రుక బ్రష్ తెచ్చుకున్నాను. వచ్చే ఈద్‌కి బూట్లు తనే పాలిష్ చేస్తానంది మా అమ్మాయి.