విరగని ఎముక కోసం ఎనభై ఏళ్ళు

ఆడి నెల వచ్చిందంటే తమిళనాడులోని పెరియపాళయం భవానీ అమ్మవారి గుడికి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచీ, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసిన తిరుత్తణి పల్లెల నుంచీ తెలుగువాళ్ళు తరలివస్తారు. వేపమండలు కట్టుకుని మొక్కు తీర్చుకునేవాళ్ళలో యాభై, అరవై దాటిన ఆడవాళ్ళు ఎందరో. ఈ నెలలో అమ్మవారి పేరిట పోసే రాగి అంబలి వాళ్ళ ఎముకలకు ఒకప్పుడు రోజూ అందిన బలం. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. రాగిసంకటి పోయి మూడు పూటలా అన్నమే అయ్యాక, ముట్లుడిగిన ఆడవాళ్ళ ఎముకలకు ఆ కాస్త ఆసరా కూడా తగ్గింది.

ముట్లుడగడానికీ ఎముక గుల్లబారడానికీ ఉన్న సంబంధాన్ని 1941లో బోస్టన్ వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ స్పష్టంగా చెప్పాడు. మరుసటి ఏడే చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ మాత్ర ‘ప్రెమారిన్’ అమెరికా బజారుకొచ్చింది. 1975లో గర్భాశయ పొర క్యాన్సర్ బయటపడితే ప్రొజెస్టిన్ జోడించి మళ్ళీ ఇచ్చారు. 2002 జులైలో ఈ జంట మందు మీద 16,608 మంది స్త్రీలతో నడుస్తున్న పెద్ద పరిశోధనను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. తుంటి విరగడం మూడో వంతు తగ్గింది నిజమే. కానీ రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం పెరిగాయి. దాంతో లోకం మరో దారి వెతికింది.

అంతకుముందే వెతికి దెబ్బతిన్న దారి ఒకటుంది. దాని పాఠం మన నేలలోనే మొదలైంది. 1937లో వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగేవాళ్ళ జబ్బును ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో ప్రకటించారు. ఎక్స్‌రేలో వాళ్ళ వెన్నెముక తెల్లగా, చిక్కగా కనిపించేది. మనిషి మాత్రం మెడ తిప్పలేడు, నడుం వంచలేడు. ఎముక చిక్కబడినంత మాత్రాన బలపడినట్టు కాదని అంతకన్నా ఏం సాక్ష్యం కావాలి? అయినా అమెరికాలో ఫ్లోరైడ్‌నే మందుగా వాడి చూశారు. మేయో క్లినిక్ 202 మంది స్త్రీల మీద నాలుగేళ్ళు పరీక్షించి 1990లో ఫలితం చెప్పింది: వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మిగతా ఎముకలు మూడింతలు ఎక్కువగా విరిగాయి. ఏ మందు గురించి విన్నా నేను మొదట అడిగేది ఇదే: ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అంకె సరే, విరగడం ఆగిందా?

ఆ పరీక్షకు నిలిచినవి లేకపోలేదు. 1995లో వచ్చిన అలెండ్రొనేట్ అప్పటికే వెన్నుపూస విరిగినవాళ్ళలో తుంటి విరుపునూ, కొత్త వెన్ను విరుపునూ సుమారు సగానికి తగ్గించింది. వారానికో మాత్ర. కాఫీ కూడా ముట్టకుండా పరగడుపున గ్లాసెడు మంచినీళ్ళతో మింగి, అరగంట నడుం వాల్చకూడదు; వాలిస్తే అన్నవాహిక ఒరుసుకుపోవచ్చు. ఈ మాట చెప్పకుండా చీటీ రాసిస్తే మందు మానేయమన్నట్టే. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్ 2007 పరీక్షలో తుంటి విరుపును 41 శాతం తగ్గించింది. దవడ ఎముక చెడడం, తొడ ఎముక వింతగా విరగడం ఈ మందులతో అరుదుగా కనిపించే హాని. అందుకే కొన్నేళ్ళకోసారి ఆపాలా, కొనసాగించాలా అని చూస్తారు. డెనోసుమాబ్ సూది సంగతి వేరు. మరో మందు మొదలుపెట్టకుండా దాన్ని ఆపితే వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదముంది. రాలోక్సిఫీన్ వెన్నును కాపాడుతుంది, తుంటిని కాదు. సోయా బిళ్ళలు ఎముక విరగడం ఆపుతాయని తేలలేదు. రాగులు, నువ్వులు, ఎండ, నడక పునాదే కానీ, ఒకసారి ఎముక విరిగిన మనిషికి అవి మందుకు బదులు కావు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళకే ముట్లుడిగినట్టే, ఎముక కరగడం అప్పుడే మొదలు. 2002 నాటి భయం వీళ్ళకు వర్తించదు. ఆ పరిశోధనలో ఉన్నది 50-79 ఏళ్ళవాళ్ళు. రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డు లేకపోతే, చిన్న వయసులో అండాశయాలు పోయిన స్త్రీకి యాభై దగ్గరపడేదాకా ఈస్ట్రోజన్ ఇవ్వడమే సరైన వైద్యం. ఆపరేషన్లో అండాశయాలు ఉంచారో, తీశారో చాలామందికి ఎవరూ చెప్పరు. ఇంట్లో ఆ ఆపరేషన్ అయిన అక్కో, వదినో ఉంటే డిశ్చార్జి కాగితం వెతికి డాక్టరుకు చూపించండి.