సంశయమునకు హద్దు ఎచ్చట?

సందెచీకటిలో పొలము గట్టున నడచిపోవుచున్న మనకు కొంత దూరమున నిలువుగా ఏదో కనబడును. అది మనుష్యుడా, కొమ్మలు విరిగిన మోడా? ఎత్తు సరిపోయినది, లావు సరిపోయినది. కాళ్ళు చేతులు మాత్రము తెలియరావు. అడుగు తనంతట తానే ఆగును. ఒకమారు మనుష్యుడే అనిపించును, మరుక్షణమున మోడే అనిపించును. ఈ అనుభవము ఎరుగనివారు మనలో ఉండరు. చిన్నదియని మనము మరచిపోవు ఈ అనుభవమునే మన పూర్వులు శాస్త్రమున కెక్కించిరి. తర్కము చదువు బాలునకు సంశయ మనగా నేమో చెప్పవలసి వచ్చినపుడు గురువు చూపు ఉదాహరణము ఇదియే: స్థాణువో, పురుషుడో.

సంశయమునకు మన ఇండ్లలో మంచి పేరు లేదు. అనుమానము పెనుభూతమని సామెత. సంశయాత్ముడు చెడునని గీత హెచ్చరించినది. ఇందొక వింత కలదు. వాడుకలో అనుమాన మనగా సందేహము. శాస్త్రమున అనుమాన మనగా సందేహమును తీర్చు ప్రమాణము. కొండపై పొగను చూచి అచ్చట నిప్పు కలదని నిశ్చయించుట అనుమానము. ఒకే మాట వీథిలో రోగమునకు, పాఠశాలలో మందునకు పేరైనది. రోగ మెట్టిది, మందెట్టిది, ఆ మందు ఎంతవరకు పనిచేయును అను ప్రశ్నలపై మన దేశమున వెయ్యేండ్లకు పైగా వాదము నడచినది. ఆ కథను కొంత స్మరింతము.

గౌతముని పేర ప్రసిద్ధమైన న్యాయసూత్రములు క్రీస్తుశకపు తొలి శతాబ్దములలో నేటి రూపమునకు వచ్చినవని పండితుల అభిప్రాయము. ఆ గ్రంథము తెలియదగిన పదార్థములు 16 అని మొదటనే లెక్కించినది. ప్రమాణము మొదటిది, ప్రమేయము రెండవది, సంశయము మూడవది. దాని తరువాతనే దృష్టాంతము, సిద్ధాంతము, తర్కము, నిర్ణయము మున్నగునవి వచ్చును. అనగా సంశయము దాటవలసిన గడపయే గాని మూయవలసిన తలుపు గాదు. సంశయము ఏల కలుగునో కూడ సూత్రకారుడు విడదీసి చెప్పెను. రెండు వస్తువులకు సమానమైన గుణము కనబడుట, దేనితోను కలియని గుణము కనబడుట, పెద్దలు పరస్పర విరుద్ధముగా చెప్పుట, కనబడినది నిలకడగా నమ్మదగినట్లు లేకుండుట, కనబడకపోవుటయు అట్లే నిలకడ లేకుండుట, ఇవి కారణములు. సందేహించువానిని ఆయన నిందింపలేదు. నీ సందేహము ఎచ్చటినుండి వచ్చినదో చూచుకొమ్మనెను.

ఆ సూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుడు ఇంకొక అడుగు ముందుకు వేసెను. బొత్తిగా తెలియనిదానియందు తర్కమునకు పని లేదు. ఇదివరకే నిశ్చయమైనదానియందును పని లేదు. సంశయము కలిగిన విషయమునందే తర్కము ప్రవర్తించునని ఆయన వివరించెను. సందేహము లేనివాడు విచారింపడు. విచారింపనివానికి దొరకిన సత్యము దారిలో దొరకిన నాణెము వంటిది. అది తన చేతికెట్లు వచ్చినదో వాడు చెప్పజాలడు.

అయితే ప్రమాణములతో సత్యమును తేల్చుదమన్నంతనే మరొక ప్రశ్న ఎదురగును. వస్తువులను ప్రమాణముతో తెలిసికొందుము సరే, ఆ ప్రమాణమును దేనితో తెలిసికొందుము? ఇంకొక ప్రమాణముతో నన్నచో దానికి మరొకటి కావలెను; ఆ వరుసకు అంతము లేదు. ఏ ప్రమాణమును లేకయే తెలియునన్నచో తక్కిన వస్తువులు మాత్రము ఏల అట్లు తెలియరాదు? ఈ ప్రశ్నను మిక్కిలి పదునుగా వేసినవాడు విగ్రహవ్యావర్తని రచించిన ఆచార్య నాగార్జునుడు. కృష్ణాతీరమునందలి శ్రీపర్వతముతో ఆయన పేరును సంప్రదాయము ముడివేసినది. నాగార్జునకొండ లోయ జలాశయమున మునుగుటకు ముందు 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో ఇక్ష్వాకుల నాటి విహారములు, స్తూపములు బయల్పడినవి. విద్యార్థులు ఒకనాడు కూర్చుండి వాదించిన అరుగులు అట్టి చోటులనే ఉండెడివి.

న్యాయసూత్రములు ఇట్టి ఆక్షేపణకు చెప్పిన సమాధానము అంగడి వీథినుండి తెచ్చినది. త్రాసుతో బంగారమును తూచెదము. త్రాసుమీదనే సందేహము కలిగినచో? బరువు తెలిసిన బంగారమును దానిలో వేసి త్రాసునే పరీక్షించెదము. అపుడు కొలుచునది కొలువబడునది యగును. ప్రమాణమును ఇట్లే అవసరమైనపుడు ప్రమేయమై పరీక్షకు నిలువగలదు. అన్ని త్రాసులను ఒకేమారు అనుమానింపవలసిన పని లేదు; ఏ త్రాసు తేడా చూపినదో దానిని తీసి చూచిన చాలును. నాగార్జునుని ప్రశ్న దీనితో పూర్తిగా తీరినదని మేము చెప్పము. కాని లోకవ్యవహారము నడచు తీరును ఈ త్రాసు చక్కగా పట్టి చూపినది.

తర్కమును ఇంకొక దిక్కునుండి తాకినవారు చార్వాకులు. పొగ యున్నచోట నెల్ల నిప్పు ఉండునని మీకెట్లు తెలియునని వారు ప్రశ్నించిరి. వంటయింట చూచితిమి, కొన్ని చోటుల చూచితిమి. చూడని చోటుల సంగతి, రాబోవు కాలము సంగతి ఎవరు చూచిరి? ప్రత్యక్షము తప్ప మరి దేనిని నమ్మరాదన్న ఈ పక్షమువారి గ్రంథములు దాదాపుగా నశించినవి. వారి మాటలు మనకు దక్కినవనిన, వారిని ఖండింపబూనినవారు పూర్వపక్షముగా వ్రాసియుంచుటచేతనే. ప్రత్యక్షమును కూడ విడువక సకల ప్రమాణములను కూలద్రోయబూనిన జయరాశిభట్టు గ్రంథము తత్త్వోపప్లవసింహము. అది 1926లో గుజరాత్ దేశపు పాటణ నగరమున ఒక జైన గ్రంథభాండారమున తాటియాకులపై దొరకినది, 1940లో అచ్చుపడినది. ఏ మతమును నిలువనీయని పుస్తకమును ఒక మతమువారు శతాబ్దముల తరబడి చెదలు పట్టకుండ కాపాడిరి. ఈ సంగతి తలచినపుడెల్ల మాకు ఆశ్చర్యముకంటె గౌరవమే ఎక్కువగా కలుగును.

చార్వాకుల ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో ముఖ్యుడు ఉదయనాచార్యుడు. ఆయన 10, 11 శతాబ్దముల నడుమ మిథిలలో వెలసిన మహాపండితుడు. న్యాయకుసుమాంజలిలో ఆయన చెప్పిన భావమిది: చూడని దేశమునందు, రాని కాలమునందు వేరుగా నుండునేమో అని మీరు శంకించుచున్నారు. ఆ చూడని దేశము, ఆ రాని కాలము ఉన్నవని మీకెట్లు తెలిసినది? అనుమానముచేతనే గదా! కనుక శంక యున్నచో అనుమానము సిద్ధించినట్లే. శంక లేనిచో మరింత సుఖముగా సిద్ధించినట్లే. మరియు శంకకు ఒక హద్దు కలదు. మనము చేయు పనికి విరోధము వచ్చినచోట శంక ఆగిపోవును. తర్కము దాని నచ్చట నిలుపును.

ఈ హద్దురాతిని పెకలించుటకు 12వ శతాబ్దమున ఒకడు వచ్చెను. ఆయన మన తెలుగిండ్లకు క్రొత్తవాడు కాడు. శ్రీనాథుడు శృంగారనైషధముగా తెనిగించిన నైషధీయచరితమునకు మూలకర్తయైన శ్రీహర్షుడే ఆయన. నలదమయంతుల ప్రణయమును అంత మధురముగా వర్ణించిన చేయియే ఖండనఖండఖాద్యమను కఠోర గ్రంథమును వ్రాసినది. అందు శ్రీహర్షుడు ఉదయనుని శ్లోకమునే తీసికొని, కొద్ది అక్షరములు మాత్రము మార్చి, దానిని దాని కర్తమీదికే త్రిప్పెను. విరోధము శంకకు హద్దు అంటివి. విరోధ మనగా రెండు పక్షముల నడుమ నుండునది. అందొక పక్షము శంకయే. శంక లేనిదే విరోధము లేదు. విరోధము ఉన్నచో శంక ఉన్నట్లే, లేనిచో శంకను ఆపువాడే లేడు. ఇక హద్దు ఎచ్చట? ఇది ఆయన ప్రశ్న. మాటకు మాట అప్పగించుటయే గాక, ఎదుటివాని మాటతోనే అప్పగించుట ఆ వాదములోని సొగసు.

దీనికి బదులు వచ్చుటకు సుమారు నూటయేబది, రెండువందల ఏండ్లు పట్టినది. 14వ శతాబ్దమున మిథిలయందే గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణి రచించి నవ్యన్యాయమునకు పునాది వేసెను. ఆయన విరోధమును రెండు తలపుల నడుమ వెదకలేదు. తలపునకును చేతకును నడుమ చూపెను. పొగ కావలసినపుడు తప్పక నిప్పునే వెదకుకొనువాడు, ఆకలి తీరుటకు అన్నమునే కోరువాడు, ఇతరులకు తెలుపుటకు మాటనే వాడువాడు, ఆ నిప్పు పొగకు కారణమగునా అని అదే సమయమున నిజముగా సందేహింపజాలడు. నోటితో సందేహమని పలుకవచ్చును. చేతులు ఆ పలుకును కాదనుచుండును. శ్రీహర్షునికి ఇది చాలునా? నిప్పు వెదకుట నీ నమ్మకమునకు సాక్ష్యమే గాని సత్యమునకు సాక్ష్యము గాదని ఆయన పక్షమువారు అనవచ్చును. ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. కాని ఒకటి మాత్రము తేలినది. ఊరక పలుకు సందేహము వేరు, మనస్సును నిజముగా పట్టియుంచు సందేహము వేరు. రెండవదానికి మాత్రమే సమాధానము చెప్పవలసిన బాధ్యత కలదు.

ఇంకొక విశేషము. 15వ శతాబ్దపు నైయాయికుడు శంకరమిశ్రుడు శ్రీహర్షుని ఖండనమునకు తానే వ్యాఖ్య వ్రాసెను. తన శాస్త్రమును కూల్చజూచిన గ్రంథమును శిష్యులకు అర్థమగునట్లు వివరించుట తన పనియే యని ఆయన భావించెను కాబోలు. ప్రతిపక్షమును వికారముగా చిత్రించి గెలిచిన గెలుపు గెలుపు గాదని ఆ పండితులు ఎరుగుదురు.

ఈ శాస్త్రముతో మన దేశమునకు గల సంబంధము చిన్నది గాదు. బౌద్ధ తర్కమునకు ఆద్యుడనదగిన దిఙ్నాగుడు ఆంధ్రదేశపు రాజధానికి చేరువనున్న ఒక కొండపై తర్కగ్రంథము రచించెనని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు వ్రాసియుంచెను. కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు వ్రాసిన కొలిచెలమ మల్లినాథసూరి, తార్కికరక్ష యను న్యాయగ్రంథమునకును వ్యాఖ్య రచించెను. అన్నిటిని మించి, 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహమును రచించి, దానికి దీపిక యను వ్యాఖ్యను తానే కూర్చెను. బాలురకు సుఖముగా బోధపడుటకై వ్రాసితినని ఆయనయే చెప్పుకొనెను. కొద్ది పుటల ఆ పుస్తకము నేటికిని దేశమంతట తర్కవిద్యకు తొలి మెట్టుగా నిలిచియున్నది.

ఇంతకును ఈ పాత వాదములతో గృహస్థులకు పనియేమి? పని కలదని మా నమ్మకము. న్యాయశాస్త్రము మాటలాటను మూడు విధములుగా విభజించినది. సత్యము తెలియుటకై రాగద్వేషములు లేక సాగునది వాదము. గెలుపే లక్ష్యముగా సాగునది జల్పము. తనకొక పక్షము లేక ఎదుటివానిని పడగొట్టుటయే పనిగా సాగునది వితండ. భోజనముల వేళ మన ఇంట లేచు చర్చ ఈ మూటిలో ఏదియో ఒకమారు చూచుకొన్నచో, సగము కలహములు అచ్చటనే చల్లారును.

మరొక సంగతి. రేడియోలో ఒక కంఠము పలుకును, పత్రికలో ఒక వార్త వచ్చును, నేడు చేతిలోని ఫోనునకు గడియ కొక మాట వచ్చి వ్రాలును. దేనిని నమ్మవలెను? శబ్దము ప్రమాణము కావలెనన్న అది ఆప్తుని మాట కావలెనని శాస్త్రము నియమించినది. ఆప్తు డనగా చుట్టము గాడు, మనకు ఇష్టమైనవాడును గాడు. విషయమును తాను స్వయముగా ఎరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పగోరువాడు ఆప్తుడు. ఈ లక్షణము ఋషికి, ఆర్యునకు, మ్లేచ్ఛునకు సమానమే యని వాత్స్యాయనుడు ఆనాడే స్పష్టపరచెను. చెప్పువాని కులము, దేశము గాక, వానికి తెలిసిన దెంత, దాచిన దెంత అని అడుగుమనుట ఎంతటి ధైర్యమో ఆలోచింపుడు. మా ఈ ప్రసంగమును గూర్చియు శ్రోతలు ఆ ప్రశ్నయే వేసికొందురు గాక.

మరల పొలము గట్టునకు వత్తము. ఎదుట నిలిచినది మోడో, మనుష్యుడో తెలియలేదు. భయపడి వెనుకకు పరుగెత్తువాడు కలడు. మోడే యని కన్నులు మూసికొని నడచువాడు కలడు. అచ్చటనే నిలిచి రాత్రి యెల్ల సందేహించువాడును కలడు. శాస్త్రము మెచ్చునది నాలుగవవానిని. లాంతరు ఎత్తి పట్టుకొని, ఎవరయ్యా అచ్చట అని పిలుచుచు, వాడు నాలుగడుగులు దగ్గరకు పోవును.