ఏనుగు దంతం మీద చదరంగం

ఆ పుల్ల ఇటు జరుపు బిడ్డా, మంట ఎగుస్తది. ఇప్పుడు కొత్తపేటల చలి ఏం చలి? ఇన్ని బిల్డింగులు లేనప్పుడు సరూర్‌నగర్ చెరువు మీదికెళ్లి గాలి కొడితే పండ్లు టకటక కొట్టుకునేటియి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడ ఉన్నన్నొద్దులు కట్టెలకు కొదువ లేకుండె. ఇరిగిన ఆపిల్ పెట్టెలు ఏరుకొచ్చి ఇట్లనే మంటేసుకునేటోళ్లం. ఆ మార్కెట్ బాటసింగారం పాయె. సరే, ఇయ్యాల్టి ముచ్చట మార్కెట్‌ది కాదు, ఏనుగు దంతంది.

మొన్న మా మనుమడు ఫోన్ల ఒక బొమ్మ చూపెట్టిండు. పారిస్ పట్నంల లూవర్ మ్యూజియం ఉన్నది గద, అండ్లది. 1300 ప్రాంతంల చెక్కిన దంతం పని. మన దిక్కు ఓరుగల్లుల ప్రతాపరుద్రుడు ఏలుతున్న కాలమది. అరచేతుల పట్టేంత గుండ్రటి బిళ్ల. ఏందో చెప్పుకో సూద్దాం? నీతోని కాదులే, నేనే చెప్త. అద్దం డబ్బీ మూత! లోపట నున్నగ మెరుగు పెట్టిన లోహం, పైన ఈ మూత. దొరసానులు మొఖం సూసుకునేటి వస్తువు.

దాని మీద దేవుళ్లు లేరు, యుద్ధం లేదు. ఒక డేరా ఉన్నది. పరదాలు రెండు దిక్కులకు జరిపి ఉన్నయి. నడుమ గుంజ. గుంజకు ఇటు ఒక పడుచు పిల్లగాడు, అటు ఒక పిల్ల, ఇద్దరి నడుమ చదరంగం పలక. ఎనుక ఇద్దరు నిలబడ్డరు. ఒకని చేతి మీద డేగ, ఇంకొకామె చేతిల పూలదండ. నేను దేన్ని సూసి ఆగిపోయిన్నో ఎరికేనా? ఆ పిల్లగాడు కాలు మీద కాలేసుకొని, ఒక చేత్తోని డేరా గుంజను గట్టిగ పట్టుకున్నడు. ఎత్తు తోచనోడు పట్టుకున్నట్టు!

మా తాత యాదికొచ్చిండు బిడ్డా. మా తాత పచ్చీసు ఆడుతుంటె ఎదుటోనికి గవ్వలు మంచిగ పడ్డ కొద్దీ మంచం కోడును అట్లనే పట్టుకునేటోడు. కోడు పట్టుకుంటె గవ్వలు మారుతయా? మారయి. అయినా పట్టుకునేటోడు. మా అవ్వ లోపలికెళ్లి, "కోడు ఇరిగితె కొత్తది నువ్వే చెక్కాలె" అని కేకేసేది. ఏడు నూర్ల ఏండ్ల కింద, ఏడేడు సముద్రాల అవుతల ఒక పిల్లగాడు, మా వాకిట్ల మా తాత. ఆ చెయ్యి మాత్రం ఒక్కటే.

దంతం అంటె సాలార్‌జంగ్ మ్యూజియం గుర్తుకు రాకుంట ఎట్లుంటది? మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పెండ్లి చేసుకోలే. కూడబెట్టిందంత వస్తువుల మీదనే పెట్టి 1949ల పోయిండు. 1951ల దివాన్ దేవిడిలనే నెహ్రూ వచ్చి మ్యూజియం తెరిచిండు. 1968ల మూసీ ఒడ్డు మీది ఇప్పటి బిల్డింగుకు తెచ్చిండ్రు. మా నాయిన మమ్ములను సిటీ బస్సుల చాదర్‌ఘాట్ దాటిచ్చి తోల్కపోయేటోడు. చారాణా పెడితె చేతి నిండ మిర్చి బజ్జీలు వచ్చేటి రోజులు. అందరు గంటలు కొట్టే గడియారం ముందట కూసుంటె, నేను దంతం గదిల చదరంగం పావుల ముందట నిలబడేటోన్ని. అద్దానికి ముక్కు ఆనిచ్చి సూస్తుంటె, "ముక్కు మరకలు పడ్తయి, జరుగు" అని నాయిన రెక్క గుంజేటోడు.

గడియారం కాడికి పోయిన్నా నేను? ఏనుగు కాడికి వస్త. చదరంగం పుట్టింది మన దేశంలనే. ఈడికెళ్లి పారశీకం పోయింది, ఆడికెళ్లి అరబ్బుల చేతికి, ఆళ్ల తోని ఐరోపాకు. మన ఏనుగును పారశీకులు పీల్ అన్నరు, అరబ్బులు ఫీల్ అన్నరు. స్పెయినోళ్లు ఇప్పటికీ అల్ఫిల్ అంటరు. ఇంగ్లీషోళ్ల కాడికి పోయేసరికి అదే పావు బిషప్ అయ్యి కూసున్నది. ఈడ అంబారీ మోసింది ఆడ శిలువ పట్టింది. ఊరు మారితె పేరు మారుతది మరి.

మన తెలుగోళ్ల చేతులూ తక్కువయి కాదు. విశాఖపట్నం కంసాలులు 18వ శతాబ్దంల గంధపు చెక్క మీద దంతం రేకులు అతికి, సన్నగ గీతలు చెక్కి, గీతలల్ల నల్ల లక్క నింపి పెట్టెలు, ఆట పలకలు చేసేటోళ్లు. తెల్లటి దంతం మీద నల్లటి తీగలు, పూలు. తెల్లదొరలు ఓడలల్ల పెట్టుకొని తీస్కపోయిండ్రు. ఇప్పుడవి లండన్ మ్యూజియంలల్ల ఉన్నయి.

"ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే" అంటరు. మనిషి లెక్కకు అది సరే, ఏనుగు లెక్క ఎవరడిగిండ్రు? ఆ పారిస్ అద్దం కోసం ఆఫ్రికా అడవిల ఒక ఏనుగు పడ్డది. అద్దాలకు, దువ్వెనలకు, గాజులకు ఎన్ని పడ్డయో! మన దేశంల 1972ల అడవి జీవాల చట్టం వచ్చింది, 1986ల మన ఏనుగు దంతం బేరం బంద్ పెట్టిండ్రు, 1989ల లోకమంత ఒక మాట మీదికొచ్చింది. మంచి పని. చెక్కిన చేతికి దండం పెడ్త, పోయిన ఏనుగుకు ఇంకో దండం పెడ్త. రెండూ మనసుల ఉండాలె బిడ్డా, ఒకటి పెట్టుకొని ఒకటి ఇడిస్తె మాట పూర్తి కాదు.

ఒకటి మాత్రం నాకు ముద్దొస్తది. అంత ఖరీదు పెట్టి తెచ్చిన దంతం చేతిల పెట్టుకొని, ఆ పనోడు ఏం చెక్కుదామని తలిచిండు? ఇద్దరు ఎదురెదురు కూసొని ఆడుకునుడు. దొరసాని పొద్దున లేసి మొఖం సూసుకునే ముందట రోజూ కనబడేది అదే. మా పచ్చీసు బట్ట అవ్వ కుట్టింది, చింతపిక్కలు ఇంట్లయి, గవ్వలు జాతరల కొన్నయి. అంత కలిపితె రూపాయి కాదు. ఆట సంబురం మాత్రం ఆళ్లకూ మాకూ ఒక్కటే.

ఏంది, నిద్ర వస్తున్నదా? ఇప్పుడే పోనియ్య. మంట కాడ ఆ ఆరిన బొగ్గు తీస్కో. బండ మీద గీత గియ్యి, పులి మేక ఆడుదాం. మేకలు నీయి, పులులు నాయి. ఎత్తు తోచకుంటె ఆ కుర్చీ కాలు పట్టుకో, నేనేమనను.