భౌతికశాస్త్ర పీహెచ్‌డీ నుంచి మెడికల్ ఫిజిక్స్‌కు

క్యాన్సర్ రోగి శరీరంలో రేడియేషన్ ఎక్కడ, ఎంత మోతాదులో పడాలో లెక్కగట్టి, యంత్రం ఆ లెక్క తప్పడం లేదని పూచీ పడేవారు మెడికల్ ఫిజిసిస్టులు. స్కానింగ్, న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లోనూ వీరుంటారు గానీ ఎక్కువమందికి కొలువు రేడియోథెరపీలోనే.

ఈ వృత్తికి పునాది వేసినవారిలో చాలామంది వేరే పనిమీద ఉన్న భౌతికశాస్త్రవేత్తలే. 1952లో అణుభౌతికంలో డాక్టరేట్ పొందిన జాన్ కామెరాన్ తర్వాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మెడికల్ ఫిజిక్స్ బోధనను నిలబెట్టాడు. 1956లో కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రిలో పార్ట్‌టైమ్ ఫిజిసిస్టుగా ఉన్నప్పుడే అలన్ కార్మాక్‌కు సీటీ స్కాన్ వెనకున్న గణిత సమస్య తట్టింది. దానికి 1979లో నోబెల్ వచ్చింది. ఆయనకు పీహెచ్‌డీ లేనే లేదు!

అప్పట్లో ఆసుపత్రిలో చేరి పని చేస్తూనే నేర్చుకునేవారు. అమెరికాలో ఆ పద్ధతికి 2014లో తెరపడింది. ఈ రంగంలోని శిక్షణలకు గుర్తింపునిచ్చే క్యాంపెప్ సంస్థ ఆమోదించిన రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేస్తేనే అమెరికన్ బోర్డ్ ఆఫ్ రేడియాలజీ ధ్రువపత్రం ఇస్తామంది. పీహెచ్‌డీ ఉన్నవారు మళ్లీ ఎమ్మెస్ చదవనక్కర్లేదు. గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ కోర్సులో డోసిమెట్రీ, రేడియేషన్ రక్షణ, ఇమేజింగ్, రేడియోబయాలజీ, అనాటమీ, రేడియోథెరపీ ఫిజిక్స్ పూర్తిచేస్తే చాలు. ఆపైన కనీసం రెండేళ్ల రెసిడెన్సీ, మూడు అంచెల బోర్డు పరీక్ష. చివరి అంచె మౌఖికం. చదువు గట్టెక్కించగలిగినా, అసలు పోటీ రెసిడెన్సీ సీటు దగ్గరే.

పరిశోధకుడికి కొత్తగా అనిపించేది గణితం కాదు, బాధ్యత. రేడియేషన్ చికిత్స ఇచ్చే యంత్రమైన లీనియర్ యాక్సిలరేటర్ అవుట్‌పుట్ కొలిచేందుకు నీళ్ల తొట్టెలో అయొనైజేషన్ చాంబర్ ఉంచుతారు. గాలి ఉష్ణోగ్రత, పీడనాలను బట్టి రీడింగ్‌ను సరిచేయాలి. ఉష్ణోగ్రతను మూడు డిగ్రీలు తప్పు రాసుకుంటే ఫలితం సుమారు ఒక శాతం తప్పుతుంది. నెలవారీ తనిఖీలో అనుమతించే తేడాయే రెండు శాతం. ప్రయోగశాలలో ఇలాంటి తప్పు దొర్లితే మళ్లీ కొలుస్తారు. ఇక్కడ అది దొరికేలోపు ఎంతమందికి చికిత్స జరిగిపోతుందో చెప్పలేం. అందుకే ఒకరు వేసిన లెక్కను ఇంకొకరు విడిగా సరిచూడటం ఈ వృత్తిలో మర్యాద కాదు, నియమం.

భారతదేశంలో పీహెచ్‌డీ ఒక్కటే ఉంటే సరిపోదు. ఇక్కడ అణుశక్తి నియంత్రణ మండలి చూసేది ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత చేసిన రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా, లేదా మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ. వీటితోపాటు రేడియోథెరపీ విభాగంలో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండాలి. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే డిప్లొమాకు పేరెక్కువ. రేడియేషన్ భద్రతాధికారి కావాలంటే మరో పరీక్ష రాయాలి. డాక్టరేట్ చేతికొచ్చాక ఈ వైపు రావాలనుకునేవారు ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు దానికి మండలి గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి.