తట్టాచెమ్మస్ చెప్పాల్సిన చరిత్ర

చరిత్ర చదవాలనుంది గానీ తేదీలు చూస్తేనే నిద్రొస్తోందని గోదావరిఖనిలో ఏ పిల్లాడన్నా, నేను చేతిలో పెట్టే మొదటి పుస్తకం 'మనకు తెలియని మన చరిత్ర'. 1986లో స్త్రీశక్తి సంఘటన వేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే అచ్చు వేశారు. విసునూరు దొరకు ఎదురు నిలిచి తన పంట తాను దక్కించుకున్న చిట్యాల ఐలమ్మ అందులో మాట్లాడుతుంది. మల్లు స్వరాజ్యం మాట్లాడుతుంది. 1951లో పోరాటం ఆగి, తుపాకులు దింపి ఇళ్లకు వెళ్లాక ఈ ఆడవాళ్లు ఏమయ్యారన్నది నన్ను బాగా పట్టుకుంది. కల్పన ఒక్క ముక్క లేదు, అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు.

దాని వెంటే 'నిర్జన వారధి' ఇస్తాను. 2012లో అది వచ్చేనాటికి కొండపల్లి కోటేశ్వరమ్మకు తొంభై దాటాయి. ఆమె భర్త సీతారామయ్య నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ స్థాపకుడు. ఆ పేరు మా బొగ్గుబాయిల కాలనీలకు కొత్త కాదు. ఆయన విడిపోయాక చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా బతికి, ఎదిగిన కొడుకునూ కూతురినీ పోగొట్టుకున్న తల్లి ఎక్కడా గొంతు పెంచకుండా రాసిన పుస్తకమది. సాహు, అల్లం రాజయ్యల 'కొమురం భీము' నవలే అయినా, భీము పోరాడిన జోడేఘాట్ సంగతి తెలియాలంటే దాన్నీ చదవమంటాను.

మా సింగరేణి బొగ్గుగనుల మీదా కథలు, నవలలు వచ్చాయి. కార్మికుల నోటి మాటగా వచ్చిన చరిత్ర విషయంలో మాత్రం నాకింకా తనివి తీరలేదు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కోవడం, 1889లో తవ్వకం, 1920 డిసెంబర్ 23న కంపెనీ ఏర్పడడం, 1945లో నిజాం సర్కారు చేతికి రావడం: ఇవన్నీ పోటీ పరీక్షల పిల్లలకు కంఠస్థం. తట్టాచెమ్మస్ పని, అంటే పారతో బొగ్గును తట్టకెత్తి మోసే పని, ఎట్లుండేదో అడిగితే చెప్పలేరు.

మా బాపు ఆ పనే చేశాడు. బ్లాస్టింగ్ అయ్యాక పొగ పలచబడేదాకా ఆగాలి. గనిలో పని చూసే సర్దార్ కర్రతో కప్పును తట్టి చూస్తాడు. ఖంగుమంటే గట్టి, డొల్ల మోత వస్తే కింద నిలబడొద్దు. తర్వాతే చెమ్మస్‌తో తట్టకెత్తుకుని టబ్బు దాకా నడక. ఏటవాలులో బరువుతో అడుగు ఎట్లా వేయాలో బాపు ఇంట్లో నడిచి చూపించేవాడు. బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చి ఆ పని పోయింది. ఆ నడక ఏ రికార్డులోనూ ఉండదు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. బాయి ముందు ఎదురుచూసిన ఇంటివాళ్లు చెప్పేది ఆ అంకెలో లేదు. 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. అన్నాళ్లూ పొయ్యి ఎట్లా వెలిగిందో చెప్పాల్సింది ఆడవాళ్లే.

మీ ఇంట్లో బాయి పని చేసి రిటైరైన మనిషి ఉంటే, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన కూర్చోండి. సింగరేణి చరిత్ర చెప్పమంటే ఎవరూ చెప్పరు. మొదటి మస్టర్ (హాజరు) ఎట్లా పడ్డది, తట్టలు ఎక్కడివి, సమ్మెలో బియ్యం ఎవరు అప్పిచ్చారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాయండి, భాష దిద్దకండి.